తిరువాలంగాడులో వెనుక చూపు

చెన్నపట్నానికి పడమట, తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ నడుమ, సుమారు 60 కిలోమీటర్ల దూరంలో తిరువాలంగాడు అనే చిన్న ఊరు ఉన్నది. రైలులో అరక్కోణం మీదుగా తిరుపతికి పోయేవారు ఆ పేరుగల స్టేషను పలకను చూచియే ఉంటారు. చూచినవారు వేలమంది, దిగినవారు కొద్దిమంది. ఆ రైలుదారి సామాన్యమైనది కాదు. 1856లో రాయపురంనుంచి వాలాజా వరకు వేసిన దక్షిణదేశపు మొదటి రైలుమార్గంలోనిది. స్టేషనునుంచి ఊరు కొంత దూరం గనుక ఈ రోజులలో చాలామంది కారులోనే పోతున్నారు. మేమూ అలాగే పోయాము.

తమిళంలో ఆల్ అంటే మర్రి, కాడు అంటే అడవి. సంస్కృతంలో వటారణ్యం. స్వామి వటారణ్యేశ్వరుడు. నటరాజస్వామికి అయిదు సభలు ఉన్నాయని మనవారందరికీ తెలుసు. చిదంబరంలో కనకసభ, మధురలో రజతసభ, తిరునెల్వేలిలో తామ్రసభ, కుర్తాళంలో చిత్రసభ. అయిదవదైన రత్నసభ ఈ తిరువాలంగాడులోనే ఉన్నది. ఇంత గొప్ప క్షేత్రం మన గుమ్మం ముందే ఉండగా, దూరపు యాత్రలకు టిక్కెట్లు కొనుక్కుంటున్నాము గదా అని మాలో ఒకరు అనడంతో ఈ ప్రయాణం కుదిరింది.

ధనుర్మాసంలో ఆర్ద్రా దర్శనంనాడు అక్కడ జనసమ్మర్దం ఎక్కువని విని, అంతకు పదిరోజుల ముందు ఒక ఆదివారం బయలుదేరాము. పెద్దలం అయిదుగురం, పిల్లలు ఇద్దరు, ఏడుగురు పట్టే ఒక కారు. కారు బావగారిది. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. తోలేది కూడా ఆయనే.

తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి దర్శనం చేసుకుని, పుష్కరిణిలో బెల్లం వేసి మ్రొక్కు తీర్చుకునేవారిని చూచి ముందుకు సాగాము. తిరుత్తణి దారిలో కనకమ్మసత్రం అనే ఊరు తగులుతుంది. ఆ పేరు వినగానే మనవాళ్ళ ఊరికి వచ్చినట్లే అనిపిస్తుంది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో పెద్దభాగం చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. పటంమీద గీత జరిగింది గాని ఇళ్ళలో మాట జరగలేదు. టీ కొట్టు దగ్గర దారి అడిగితే, మా తమిళం విని నవ్వి, ఆ ముసలాయన తెలుగులోనే జవాబు చెప్పాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టిన తిరుత్తణి అక్కడికి దగ్గరే.

అక్కడనుండి లోపలికి తిరిగితే చెరుకు తోటలు. తిరుత్తణి సహకార చక్కెర మిల్లు పేరుకు తిరుత్తణిదే గాని ఉన్నది తిరువాలంగాడులో. చెరుకు లోడు ట్రాక్టర్లు ఒకదాని వెనుక ఒకటి పోతున్నవి. వాటి వెనుక దుమ్ము, దుమ్ము వెనుక మేము. గతుకులలో కారు నాలుగైదుసార్లు గట్టిగా ఎగిరిపడింది. ఈ సంగతి తరువాత పనికి వస్తుంది గనుక చెబుతున్నాము.

గుడివీధిలో కారు నిలపడానికి బావగారు రివర్సు గేరు వేశారు. ఎప్పుడూ ముందున్న తెరమీద వెనుక దారి బొమ్మ కనిపిస్తుంది. ఆ పూట తెర నల్లగా అయిపోయి, సిగ్నల్ లేదని ఇంగ్లీషులో ఒక మాట మాత్రం చూపించింది. వదినగారు దిగి వెనుక నిలబడి "రండి, రండి, చాలు" అని చెప్పగా కారు ఒక మూల చేరింది. కెమెరా అమర్చిన దుకాణానికి ఫోను చేస్తే, చూడకుండానే కొత్త కెమెరా వేయించవలసిందేనని తేల్చిచెప్పారు. తరువాత చూచుకుందామని గుడిలోకి పోయాము.

ఆ క్షేత్ర మహిమ కొంచెం చెప్పాలి. స్వామికీ కాళికీ ఇక్కడ నాట్యంలో పందెం పడిందట. స్వామి ఒక పాదం తలకంటే పైకెత్తి ఊర్ధ్వతాండవం చేయగా కాళి తలవంచిందని స్థలపురాణం. ఓడినా ఆమెకే ముందు పూజ. మొదట కాళిని సేవించి, ఆ తరువాతనే స్వామి సన్నిధికి పోవడం ఇక్కడి ఆచారం.

కారైక్కాల్ అమ్మయారుకూ ఇదే స్థానం. 63 మంది నాయనార్లలో స్త్రీలు ముగ్గురే. వారిలో ఈమె ఒకరు. కైలాసాన్ని కాలితో తొక్కరాదని తలతో నడిచి ఎక్కిందనీ, స్వామి ఆమెను "అమ్మా" అని పిలిచాడనీ, ఆమె కోరిన ప్రకారం తిరువాలంగాడులో తన తాండవాన్ని పాదాల చెంత ఉండి చూచే భాగ్యం ఇచ్చాడనీ పెరియపురాణం చెబుతుంది. తరువాతి కాలంలో వచ్చిన తిరుజ్ఞానసంబంధర్, ఆ తల్లి తలతో నడిచిన నేలను తొక్కడానికి జంకి ఊరి బయటనే ఆగిపోయాడట. ఎక్కడ అడుగు పెడుతున్నామో చూచుకుని పెట్టడం ఈ ఊరి మర్యాద అన్నమాట.

పక్కనే పళయనూరు. రాజేంద్ర చోళుడు ఆ గ్రామాన్ని ఈ స్వామికి ఇచ్చిన శాసనమే ప్రసిద్ధమైన తిరువాలంగాడు తామ్రశాసనం. 31 రాగిరేకులు, ఒక కడియానికి గుచ్చి, రాజముద్ర వేసినవి. 1905లో బయటపడ్డాయి. చోళుల వంశచరిత్ర రాసేవారికి అవి పెన్నిధి.

పళయనూరు పేరు చెప్పగానే తమిళదేశంలో నీలి కథ చెబుతారు. ఒక వర్తకుడు తన భార్యను చంపాడు. మరుజన్మలో అతడు మళ్ళీ వర్తకుడై ఈ ఊరికి రాగా, ఆమె నీలి అనే పిశాచమై, చంకలో బిడ్డతో అతని భార్యనంటూ వెంటబడింది. అతడు భయపడి నేను పోనన్నాడు. ఊరి పెద్దలు 70 మంది వెళ్ళాళులు, "నీకేమీ కాదు, అయితే మా ప్రాణాలు జామీను" అని ఇద్దరినీ ఒక ఇంటిలో ఉంచారు. తెల్లవారేసరికి అతడు చచ్చిపడి ఉన్నాడు. ఆ 70 మందీ ఆడిన మాట కోసం అగ్నిలో దూకారు. మాట ఇచ్చేముందు ఆ ఇంటి తలుపు వెనుక ఏముందో వారు చూడలేదు. ఇచ్చిన తరువాత మాత్రం తప్పుకోలేదు. పిల్లలకు ఈ కథ చెబుతూ మా అత్తయ్యగారు, "జామీను అంటే సంతకం కాదర్రా, ప్రాణం" అన్నారు.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు ముగించి బయలుదేరేసరికి వీధి నిండిపోయింది. ముందు ఒక ట్రాక్టరు అడ్డంగా ఉన్నది. వెనక్కి తీయక తప్పదు. కెమెరా లేదు గనుక వదినగారు మళ్ళీ దిగి వెనుక నిలబడ్డారు. అద్దాలు దించాము. మాట్లాడవద్దని పిల్లలకు చెప్పాము. బావగారు రెండు అద్దాలూ చూచుకుంటూ నెమ్మదిగా వెనక్కి తీస్తున్నారు. బంపరులోని సెన్సారు కిక్కురుమనలేదు. "ఆగండి!" అని వదినగారు కేక వేశారు. కారు ఆగింది. వెనుక చక్రం పక్కన రెండు మూడేళ్ళ పసివాడు గొంతుక్కూర్చుని, కొట్టునుంచి దొర్లిన నిమ్మకాయ ఏరుకుంటున్నాడు. పూలమ్మే తల్లి పరుగెత్తుకువచ్చి ఎత్తుకున్నది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని మాలో ఎవరికీ కొంతసేపు నోట మాట రాలేదు. కెమెరా సంగతి తేల్చుకోకుండా ఊరు దాటేది లేదని బావగారు అప్పుడే నిశ్చయించారు.

మిల్లు దారిలో ట్రాక్టర్లకు వైరింగు చేసే ఒక మెకానిక్ కుర్రవాడు దొరికాడు. "మా అమ్మమ్మది పుత్తూరండీ" అని తెలుగులోనే పలకరించి, "కెమెరా పోయిందని ఎవరు చెప్పింది సార్? కెమెరాకంటే ముందు వైరు పోతుంది. వరసగా చూస్తాం ఉండండి" అన్నాడు. అతడు చూచిన వరస మన ఇళ్ళలో కార్లున్న వారందరికీ ఉపయోగం గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

మొదట తడిగుడ్డ తీసుకుని కెమెరా కన్ను తుడిచాడు. అది నంబరు పలకకు పైన గోళీకాయంత ఉంటుంది. దుమ్ము పట్టినా, బురద పడినా, వాననీటి బొట్టు నిలిచినా బొమ్మ మసకబారుతుంది. మెత్తని గుడ్డతో తుడవాలేగాని గోటితో గీకరాదు. గాజు లోపలే ఆవిరి కమ్మితే తుడిచి లాభం లేదు, దానిని మార్చవలసిందే. "కాని దుమ్మయితే మసకగా కనిపిస్తుంది సార్. మీకు అసలే లేదు. ఇది దుమ్ము కాదు" అన్నాడు.

తరువాత చక్రాల వెనుక ఇటుకలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగించి, ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పి రివర్సు గేరు వేయించాడు. వెనుక తెల్ల దీపం వెలిగింది. బయట అమర్చిన కెమెరాలు చాలావాటికి కరెంటు ఈ దీపంనుంచే తీస్తారు. దీపం వెలిగితే ఫ్యూజూ, గేరు దగ్గరి స్విచ్చీ బాగున్నట్లే. దీపమూ లేక కెమెరా కూడా లేకపోతే మొదట అనుమానించవలసినది ఫ్యూజు. ఫ్యూజు మార్చేటప్పుడు దానిమీద ఏ అంకె ఉంటే అదే అంకెది వేయాలి. ఆ చోట రాగితీగ చుట్టడం కారుకు నిప్పు పెట్టుకోవడమేనని గట్టిగా చెప్పాడు.

మూడవది తెర. రివర్సు వేసినా తెర అసలు మారకపోతే, గేరు వేసిన కబురు తెరకు అందడం లేదన్నమాట. తెర మారి సిగ్నల్ లేదంటే, కబురు అందింది గాని బొమ్మ రావడం లేదు. బొమ్మ వచ్చి వణుకుతూ, గీతలు పడుతూ ఉంటే ఎక్కడో కప్లరు వదులైంది, లేదా ఎర్తు సరిగా లేదు. ఒక్కొక్కప్పుడు తెర పెట్టె తానే బిగుసుకుపోతుంది. అందుకని దానిని ఒకసారి ఆపి, కొంచెంసేపు ఆగి మళ్ళీ వేశాడు. మార్పు లేదు. మాది రెండవ రకమని తేలింది.

నాలుగవది కరెంటు వెతకడం. అతని దగ్గర టెస్టు లాంపు ఉన్నది. ఒక కొన కారు ఇనుముకు తగిలించి, రెండవ కొనను వైరుకు తాకిస్తే కరెంటు ఉన్నచోట చిన్న దీపం వెలుగుతుంది. తెల్ల దీపం దగ్గర తాకించాడు, వెలిగింది. వెనుక తలుపులో కెమెరా కప్లరు దగ్గర తాకించాడు, వెలగలేదు. "చూశారా, దారిలో ఎక్కడో తెగింది" అన్నాడు. ఇక్కడా వెలిగి ఉంటే, అప్పుడు కెమెరానో, బొమ్మ తెచ్చే పసుపు పిన్ను వైరునో అనుమానించాలట.

దీపానికీ కెమెరాకూ మధ్య తలుపు కీలు దగ్గర నల్లని రబ్బరు గొట్టం ఉంటుంది. వైర్లన్నీ అందులోనుంచే తలుపులోకి పోతాయి. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె వైరు ఎప్పుడూ పిడి దగ్గరే తెగుతుంది, ఎందుకు? మడిచేది అక్కడే గనుక. ఇదీ అంతే. తలుపు ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా ఆ వైర్లు మడుస్తాయి. వదినగారిని "అమ్మా, తలుపు కొంచెం కొంచెంగా ఎత్తండి" అన్నాడు. బావగారు లోపల తెర చూస్తున్నారు. తలుపు సగం లేచేసరికి "వచ్చింది!" అన్నారు. ఇంకొంచెం ఎత్తగానే "పోయింది!" అన్నారు. జబ్బు ఎక్కడున్నదో తెలిసిపోయింది.

తాళం తీసేసి, గొట్టం జరిపి చూపించాడు. ఎర్ర వైరు పైకి నిండుగానే ఉన్నది. లోపలి రాగిపోగులు మాత్రం తెగి ఒకదానికొకటి తాకీ తాకకుండా ఉన్నాయి. రెండేళ్ళుగా మడతపడుతూ సన్నబడినదానిని ఆనాటి గతుకులు తెంపివేశాయి. ఆ ముక్క తీసేసి, జానెడు కొత్త వైరు కొంచెం వదులుగా ఉండేట్లు వేసి, సోల్డరింగు పెట్టి, పైన తొడుగు వేసి వేడి చూపించాడు. పక్కన ఇంకొక వైరుకు పైపొర చిట్లి ఉంటే దానికీ టేపు చుట్టాడు. నీరు దిగకుండా గొట్టాన్ని మళ్ళీ యథాస్థానంలో కూర్చోబెట్టాడు. రివర్సు వేయగానే తెరమీద బొమ్మ నిండుగా వచ్చింది.

పని అయిపోయిందని మేము పర్సు తీయబోతే "ఉండండి సార్, ఇంకా ఉంది" అన్నాడు. వదినగారిని కారు వెనుక ఎడమపక్కన నిలబెట్టాడు. ఎడమ అద్దంలో కనిపించే మనిషి తెరమీద కూడా ఎడమవైపునే కనిపించాలి. కొత్త కెమెరా వేసినప్పుడు కొందరు ఈ అమరిక చూడరు. అప్పుడు బొమ్మ తిరగబడి, ఎడమన ఉన్న బిడ్డ కుడివైపు కనిపిస్తుంది. అది కెమెరా లేకపోవడంకంటే ప్రమాదం. ఆ తరువాత ఒక మీటరు దూరంలో ఇటుక పెట్టి, తెరమీది రంగుగీతలలో అది ఎక్కడ పడుతున్నదో బావగారికి చూపించాడు. ఆ కన్ను వెడల్పు చూపుది గనుక వస్తువులు ఉన్నదానికంటే దూరంగా తోస్తాయి. అది కంటికి అలవాటు కావాలి.

కంపెనీలోనే కెమెరా అమర్చి వచ్చే కొత్త కార్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి కెమెరా కారులోని కంప్యూటరుతో కలిసి ఉంటుంది. గ్యారంటీ గడువులో ఉండగా బయట వైర్లు కోయించవద్దనీ, తుడవడం, ఫ్యూజు చూడడం వరకే మన పని అనీ అతడే చెప్పాడు. కుర్రవాడి నిజాయితీకి ముచ్చట వేసింది. అడిగినదానికి మరికొంత చేర్చి ఇచ్చాము.

సెన్సారు ఎందుకు కూయలేదని కూడా అడిగాము. అది మన చెవికి వినపడని ధ్వనిని పంపి, తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దూరం కొలుస్తుంది. గోడ, కారు వంటివాటిని బాగా పట్టుకుంటుంది. సన్నని కమ్మీని, బంపరుకంటే కిందగా ఒదిగి ఉన్నదానిని, ప్రతిధ్వనిని మింగివేసే మెత్తని బట్టలను ఒక్కొక్కప్పుడు వదిలివేస్తుంది. గొంతుక్కూర్చున్న పసివాడు ఈ లెక్కలోకే వస్తాడు.

కారుకు వెనుక కన్ను పెట్టాలనే ఆలోచన కొత్తది కాదు. 1956లోనే అమెరికాలో బ్యూక్ సెంచూరియన్ అనే ప్రదర్శన కారుకు వెనుక అద్దం బదులు టెలివిజన్ కెమెరా పెట్టారు. అమ్మకానికి వచ్చిన కార్లలో 1991లో జపానులో టయోటా సోరర్ దీనిని తెచ్చింది. అయితే దీనిని సౌఖ్యం అనే లెక్కలోనుంచి రక్షణ అనే లెక్కలోకి మార్చినది ఒక తండ్రి దుఃఖం. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండులో పిల్లల వైద్యుడైన ఒక తండ్రి, తన ఇంటి ముందే కారు వెనక్కి తీస్తుండగా, రెండేళ్ళ కొడుకు కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ దాని కింద పడి చనిపోయాడు. అద్దాలలో ఆ బిడ్డ కనిపించే వీలే లేదు. ఆ తండ్రీ, అటువంటి మరికొందరు తల్లిదండ్రులూ పట్టుబట్టగా, ఆ బిడ్డ పేరుతోనే చట్టం వచ్చింది. 2008లో అధ్యక్షుని సంతకం అయింది. దాని ప్రకారం 2018 మే 1 నుంచి ఆ దేశంలో అమ్మే కొత్త కార్లన్నింటికీ వెనుక కెమెరా తప్పనిసరి. కారు వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు నేల తెరమీద కనిపించాలి. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనుక సెన్సార్లు తప్పనిసరి చేశారు. కెమెరా చాలావాటికి వస్తున్నది గాని, అది లేని కార్లూ మన వీధులలో ఎన్నో ఉన్నాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ కెమెరా లేని కారు ఎరుగరు. వారు ఇక్కడికి వచ్చి మన కార్లు తోలినప్పుడూ, మనం అక్కడికి పోయి వాకిట్లో మనుమలను ఆడించేటప్పుడూ ఈ విషయం జ్ఞాపకం ఉంచుకోవాలి. నెలకు ఒకసారి కన్ను తుడిచి, బొమ్మ, గీతలు, ఎడమ కుడి సరిచూచుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. తెర నల్లబడిన రోజున కారు ఎక్కేముందు ఒకసారి చుట్టూ నడిచి చూడాలి. పిల్లల చెయ్యి ఒక పెద్దవారి చేతిలో ఉండాలి. వెనుక నిలబడి చెప్పే మనిషి తోలేవారికి అద్దంలో కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే కారు కదలరాదు.

మన ఇళ్ళలో కారు వెనక్కి తీసేటప్పుడు ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి, ఫోను చూచుకుంటూనే "రానీ, రానీ" అంటూ ఉంటారు. పళయనూరు పెద్దల కథ విన్న తరువాత ఆ మాట మాకు తేలికగా తోచడం లేదు. "రానీ" అన్నవాడు, వెనుక ఎవరూ లేరని జామీను పడుతున్నాడు. కనుక తానే వంగి, చక్రాల దగ్గర చూచి, ఆ తరువాత అనాలి. కెమెరా ఉన్నా సరే, ఈ జామీనుకు ఒక మనిషి ఉండడం మంచిది. వైరు తెగిన రోజున మిగిలేది ఆ మనిషే.

ఆర్ద్రా దర్శనానికి పోదలచిన మన సభ్యులు కారును ఊరి మొగదలలోనే వదిలి, గుడివీధికి నడిచి పోతే అన్నివిధాల సుఖం. ముందు కాళికాదేవిని, తరువాత స్వామిని, రత్నసభనూ సేవించండి. అమ్మయారు సన్నిధిలో ఒక్క నిమిషం నిలబడండి. కాలు పెట్టేముందు నేల చూచుకోవలసిన ఊరు అది.